ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పెద్దవారికి ఇమ్యునోథెరపీ: ఇంటివారు ఏ పని ఎప్పుడు, ఎలా చేయాలి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచి నాకు వచ్చే ఫోన్లలో ప్రశ్న దాదాపు ఒకే మాటలతో ఉంటుంది: "నాయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు, ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో దశ అన్నారు, కీమో తట్టుకోలేడంటున్నారు, ఇమ్యునోథెరపీ సూది వేయించమంటావా?" నేను వైద్యుణ్ణి కాను. మా నాయన వెంట రెండేళ్ళపాటు డే కేర్ వార్డులకు తిరిగినవాణ్ణి. సూది వేయించాలా వద్దా అన్నది మీరూ, మీ పెద్దవారూ, క్యాన్సర్ వైద్యుడూ కలిసి తేల్చుకోవలసిన విషయం. ఆ నిర్ణయానికి ముందు ఏయే కాగితాలు చేతిలో ఉండాలి, తర్వాత ఇంట్లో ఏమేమి గమనించాలి అన్నది మాత్రం వరుసగా చెప్పగలను.

సిద్ధాంతం ఒక్క పేరాలో ముగిస్తాను. మన ఒంట్లోని రక్షణ కణాలు సొంత కణాల మీద పడకుండా వాటికి సహజంగా ఒక కళ్ళెం ఉంటుంది. క్యాన్సర్ కణాలు ఆ కళ్ళేన్ని లాగి పట్టుకుని తప్పించుకుంటాయి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్, అటెజోలిజుమాబ్ వంటి మందులు ఆ పట్టును విడిపిస్తాయి. కళ్ళెం వదిలిన రక్షణ కణాలు ఒక్కోసారి థైరాయిడ్ మీద, పేగుల మీద, ఊపిరితిత్తి మీద కూడా పడతాయి. కాబట్టి ఈ మందు దుష్ఫలితాలు కీమో దుష్ఫలితాల్లా ఉండవు, వాటి చికిత్స కూడా వేరు. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావాటికి కారణం మీకే తెలుస్తుంది.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- బయాప్సీ నివేదిక, దానితోపాటు ముక్కను భద్రపరచిన మైనపు దిమ్మె, స్లైడ్లు. ఇవి ల్యాబులో ఉంటాయి, అడిగితే సంతకం పెట్టించుకుని ఇస్తారు.
- సీటీ లేదా పెట్ స్కాన్ సీడీ. నివేదిక కాగితం ఒక్కటే సరిపోదు.
- పెద్దవారు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో. చీటీలు కాకుండా మందులే తీసుకెళ్ళండి.
- వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్, బీపీ మిషన్, థర్మామీటర్, బరువు చూసే యంత్రం.
- ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం.
- ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్య కార్డు, ప్రైవేటు బీమా ఉంటే పాలసీ పూర్తి ప్రతి.
- రాత్రిపూట బండి నడిపి ఆసుపత్రికి తీసుకుపోగల మనిషి. పిల్లలందరూ బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటే, పక్కింటివారిలో ఎవరితోనైనా ఈ మాట ముందే అనుకోవాలి.

ఇక వరుసగా చేయవలసిన పనులు.

1. జబ్బు పేరు కాగితం మీద ఖాయం చేసుకోండి

"ఊపిరితిత్తుల క్యాన్సర్" అన్న మాట ఒక్కటే చాలదు. బయాప్సీ నివేదికలో అడినోకార్సినోమా అని ఉందో, స్క్వేమస్ అని ఉందో, స్మాల్ సెల్ అని ఉందో చూసి నోటుపుస్తకం మొదటి పేజీలో రాయండి. మొదటి రెండూ నాన్ స్మాల్ సెల్ రకంలోకి వస్తాయి, ఈ వ్యాసంలోని లెక్కలు వాటికే వర్తిస్తాయి. స్మాల్ సెల్ అయితే ఇమ్యునోథెరపీని సాధారణంగా కీమోతో కలిపే మొదలుపెడతారు, పీడీ-ఎల్1 (క్యాన్సర్ కణం ఆ కళ్ళేన్ని పట్టుకునే పిడి లాంటి ప్రోటీన్) అంకె చూసి నిర్ణయించే పద్ధతి అక్కడ లేదు.

ఇక్కడ మన ప్రాంతంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఆరోగ్యవరం టీబీ ఆసుపత్రి పేరు వింటూ పెరిగిన జిల్లా మనది. దగ్గు, నెత్తురు జీర, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే టీబీ అనుకోవడం ఇంటివారికే కాదు, కొందరు వైద్యులకూ అలవాటు. కళ్ళెలో టీబీ క్రిమి కనబడకపోయినా మందులు మొదలుపెట్టి, నాలుగైదు నెలలు గడిచి, మచ్చ పెరిగాక బయాప్సీకి వచ్చినవారిని చాలామందిని చూశాను. పరీక్షలో క్రిమి తేలకుండా, నెలన్నర రెండు నెలల టీబీ మందులకు మచ్చ తగ్గకుండా ఉంటే బయాప్సీ అడగండి. రెండూ కలిసి ఉండే అవకాశమూ ఉంది. ఇమ్యునోథెరపీ సమయంలో నిద్రాణంగా ఉన్న టీబీ మేల్కొనవచ్చు కాబట్టి, పాత టీబీ చరిత్ర ఉంటే వైద్యుడికి తప్పక చెప్పాలి.

2. జన్యు పరీక్షల ఫలితం రాకుండా సూది మొదలుపెట్టవద్దు

ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, రాస్1 అనే జన్యువుల్లో క్యాన్సర్ మార్పు ఉందేమో చూసే మూడు పరీక్షలు కనీసం జరగాలి, ముఖ్యంగా అడినోకార్సినోమా అయితే. వీలుంటే ఎక్కువ జన్యువులను ఒకేసారి చూసే ఎన్‌జీఎస్ పరీక్ష మంచిది. జీవితంలో బీడీ ముట్టని, నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టంతో మంట రాజేసిన మన అవ్వలలో ఈజీఎఫ్ఆర్ మార్పు కనబడే అవకాశం తక్కువేమీ కాదు. ఆ మార్పు ఉంటే రోజూ వేసుకునే మాత్ర, అంటే ఒసిమెర్టినిబ్, జెఫిటినిబ్ వంటివి, ఇమ్యునోథెరపీ కంటే చాలా బాగా పనిచేస్తాయి. ఏఎల్‌కే, రాస్1 మార్పులకూ వేరువేరు మాత్రలున్నాయి.

హెచ్చరిక: "ఫలితం రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అంతలో ఒక సూది వేసేద్దాం" అన్న తొందర ప్రమాదకరం. ముందు ఇమ్యునోథెరపీ ఇచ్చి, వెంటనే ఒసిమెర్టినిబ్‌కు మారినవారిలో ఊపిరితిత్తుల వాపు ఎక్కువగా వస్తున్నట్టు గమనించారు. మందు ఒంట్లో నెలల తరబడి ఉంటుంది, వేసిన సూదిని వెనక్కి తీయలేం. ఆయాసం బాగా ఎక్కువై ఆగలేని పరిస్థితి ఉంటే, ఫలితం వచ్చేవరకు కీమో ఒక్కటే ఒక విడత ఇవ్వడం, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీయడం వంటి దారుల గురించి వైద్యుణ్ణి అడగండి.

ప్రత్యామ్నాయం: బయాప్సీ ముక్క చాలకపోతే, మళ్ళీ సూది గుచ్చడానికి పెద్దవారి ఓపిక సరిపోకపోతే, రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ ఉంది. అందులో మార్పు కనబడితే నమ్మవచ్చు. కనబడకపోతే మాత్రం లేదని తేలినట్టు కాదు. పీడీ-ఎల్1 కోసం ముక్క కావలసిందే.

3. పీడీ-ఎల్1 అంకెను సరిగ్గా చదవండి

నివేదికలో టీపీఎస్ అని ఒక శాతం ఉంటుంది, అంటే పీడీ-ఎల్1 ఉన్న క్యాన్సర్ కణాలు నూటికి ఎన్నో చెప్పే అంకె. 50, ఆపైన ఉంటే, జన్యు మార్పులు లేకపోతే, కీమో లేకుండా ఇమ్యునోథెరపీ ఒక్కటే ఇవ్వడం అంగీకృతమైన పద్ధతి. 1 నుంచి 49 మధ్య ఉంటే కీమోతో కలపాలా, ఒంటరిగా ఇవ్వాలా అన్నది మనిషి ఓపికను బట్టి ఉంటుంది. 1 కంటే తక్కువైతే సాధారణంగా కీమో కలుపుతారు. ఇది పరీక్ష మార్కు కాదు. 80 వచ్చినవారికి పనిచేయకపోవడం, 5 వచ్చినవారికి పనిచేయడం రెండూ ఉన్నాయి.

వయసు పైబడినవారి విషయంలో రెండు సంగతులు తెలుసుకుని వైద్యుడి ముందు కూర్చోండి. మొదటిది, జపాన్‌లో 75 ఏళ్ళు నిండినవారి వైద్య రికార్డులను పరిశీలించినప్పుడు, పీడీ-ఎల్1 కనీసం 1 శాతం ఉన్నవారిలో కీమో కలిపినందువల్ల ఆయుష్షులో చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు, తీవ్రమైన దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి. రెండవది, మామూలుగా ఇచ్చే బలమైన ప్లాటినం కీమో తట్టుకోలేరని తేల్చినవారి మీద అటెజోలిజుమాబ్‌ను తేలికపాటి కీమోతో పోల్చిన ఐప్సోస్ అధ్యయనం 2023లో వెలువడింది. అందులో పాల్గొన్నవారి మధ్యస్థ వయసు 75. రెండేళ్ళ తర్వాత బతికి ఉన్నవారు ఇమ్యునోథెరపీ వైపు 24 శాతం, కీమో వైపు 12 శాతం. రెట్టింపన్నమాట నిజమే. ఇమ్యునోథెరపీ తీసుకున్న నలుగురిలో ముగ్గురు రెండేళ్ళు దాటలేదన్నదీ అంతే నిజం. ఇంట్లో ఎవరికి ఏ మాట చెప్పాలో మీ ఇష్టం, మీరు మాత్రం రెండూ తెలుసుకుని ఉండండి.

4. వయసు కాకుండా ఓపికను కొలవండి

ఎనభై ఏళ్ళ మనిషి తెల్లవారి లేచి ఆవు పాలు పితికి డెయిరీలో పోసి వస్తుంటే ఆయన ఈ చికిత్సకు తగినవాడే. అరవై ఆరేళ్ళకే మంచం పట్టి, స్నానానికి ఇద్దరు పట్టుకోవలసినవారికి లాభం తక్కువ. వైద్యులు దీన్ని ఈసీఓజీ అనే అంకెతో చెబుతారు. 0 అంటే ఏ ఇబ్బందీ లేదు. 1 అంటే బరువు పనులు చేయలేరు. 2 అంటే తమ పని తాము చేసుకుంటారు, మెలకువగా ఉండే సమయంలో సగానికి పైగా లేచే ఉంటారు. 3 అంటే సగానికి పైగా మంచమో కుర్చీనో. 4 అంటే పూర్తిగా మంచం.

ఈ అంకె చెప్పేటప్పుడు ఇంటివారు తెలియకుండానే అబద్ధమాడతారు. వైద్యుడు అడిగితే "బాగానే తిరుగుతాడు సార్" అంటారు, చికిత్స ఇవ్వరేమోనన్న భయంతో. ఇలా చేయండి: ఆసుపత్రికి వెళ్ళేముందు మూడు రోజులు పొద్దున నుంచి రాత్రి వరకు ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, ఎవరి సాయంతో అన్నది రాసి, ఆ కాగితమే చూపించండి. ఆ నీరసం క్యాన్సర్ వల్ల ఈ రెండు నెలల్లోనే వచ్చిందా, లేక పక్షవాతం, గుండె జబ్బు, మతిమరుపు వల్ల ఏళ్ళుగా ఉందా అన్నదీ చెప్పండి. మొదటిదైతే చికిత్సతో తేరుకునే ఆశ ఉంది. పెద్దవారి తిండి, బరువు, నడక, మతి, మందుల సంఖ్య అడిగి 17కు మార్కులు వేసే జీ8 అనే చిన్న పరీక్ష ఉంది. 14 లేదా అంతకంటే తక్కువ వస్తే వృద్ధుల వైద్యంలో మరింత వివరంగా చూడాలని అర్థం. పది నిమిషాల పని, చేయమని అడగండి.

ఇంకొక మాట. ఈ పరీక్షలన్నీ అవుతున్నప్పుడు పెద్దవారిని ఒక్కసారైనా ఏం కావాలో అడగండి. మా చుట్టాలావిడ ఒకామె, "మూడు వారాలకోసారి తిరపతికి తిరగను, నొప్పి లేకుండా చూడండి చాలు" అంది. ఆ మాట వినడానికి వాళ్ళ ఇంట్లో రెండు నెలలు పట్టింది.

5. మొదటి సూదికి ముందు చూపించుకోవలసినవి

రక్త పరీక్షల్లో సీబీసీ, కాలేయం, కిడ్నీ, సోడియం, చక్కెర, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, ఉదయం 8 గంటల కార్టిసాల్ (ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్), హెపటైటిస్ బి, సి చేయించాలి. వాటితోపాటు ఈసీజీ, వైద్యుడు చెబితే ఎకో. ఇవి ఇప్పుడు చేయించకపోతే రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు అది కొత్తదో పాతదో తేల్చలేరు.

వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పవలసినవి: కీళ్ళవాతం, సోరియాసిస్, పేగుల పుండ్లు వంటి రక్షణ వ్యవస్థ జబ్బులు, ఎప్పుడో జరిగిన కిడ్నీ మార్పిడి, ఇప్పుడు వాడుతున్న స్టెరాయిడ్. ఈ చివరిదాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. రోజుకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించిన ప్రెడ్నిసలోన్ మీద ఉన్నవారిలో చికిత్స ఫలితం తగ్గుతున్నట్టు తేలింది. "మా ఇంట్లో స్టెరాయిడ్ ఎవరూ వాడరు" అంటారు. మోకాళ్ళ నొప్పులకు సంతలో పొట్లాలు కట్టి ఇచ్చే పొడులలో, ఉబ్బసానికి ఇచ్చే కొన్ని పేరులేని మాత్రలలో స్టెరాయిడ్ కలిపి ఉండటం మామూలు. ఆ పొట్లాన్ని కూడా సంచిలో వేసుకెళ్ళండి. అలాగని దాన్ని మీరే ఒక్కసారిగా మానిపించవద్దు, ప్రాణం మీదికి రావచ్చు. గ్యాస్ మాత్ర ఏళ్ళ తరబడి వాడుతుంటే అవసరమా అని అడగండి, జలుబుకల్లా యాంటీబయాటిక్ వేయడం మానండి. ఈ రెండింటి వల్లా ఇమ్యునోథెరపీ ఫలితం తగ్గవచ్చన్న అనుమానం బలంగానే ఉంది.

ఫ్లూ టీకా, న్యూమోనియా టీకా ముందే వేయించడం మంచిది. బతికున్న క్రిములతో తయారైన టీకాలు మాత్రం వద్దు.

6. ఎక్కడ, ఎంత, ఎన్నాళ్ళు

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది. టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో 2022లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్యాన్సర్ కేర్ అండ్ అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ ఉంది. చిత్తూరు వైపు వారికి వేలూరు సీఎంసీ దగ్గర. చెన్నై కూడా పగటిపూట వెళ్ళి రాగల దూరమే. పెద్ద వైద్యుడి అభిప్రాయం ఎక్కడ తీసుకున్నా, సూది వేయించే చోటు మాత్రం అర్ధరాత్రి గంటన్నరలో చేరగలిగేదై ఉండాలని నా అభిప్రాయం. ఎక్కడో వేయించుకుని వచ్చి, ఆయాసం వచ్చినప్పుడు ఇక్కడి క్యాజువాలిటీలో కథంతా మొదటి నుంచి చెప్పుకోవడం పెద్దవారికి చాలా చేటు.

ఖర్చు అడిగేటప్పుడు "ఒక సూది ఎంత" అని అడగడం అందరూ చేసే తప్పు. పెంబ్రోలిజుమాబ్ పూర్తి మోతాదు 200 మిల్లీగ్రాములు మూడు వారాలకోసారి, లేదా 400 ఆరు వారాలకోసారి. పనిచేస్తూ ఉంటే రెండేళ్ళ వరకు ఇస్తారు, అంటే మూడు వారాల లెక్కన 35 సార్లు. అందుకే మొదటి నాలుగు మోతాదులకు, ఆ తర్వాత ఏడాదికి ఎంతవుతుందో విడిగా రాయించుకోండి. కంపెనీల రోగి సహాయ పథకాల్లో కొన్ని మోతాదులు కొంటే కొన్ని ఉచితంగా ఇస్తారు. వాటి దరఖాస్తు మొదటి మోతాదు కొనకముందే పడాలి, తర్వాత అడిగితే కుదరకపోవచ్చు. ధర మాట్లాడేటప్పుడు ఇదీ తెలిసి ఉండండి: పెంబ్రోలిజుమాబ్‌కు 2023 ఏప్రిల్ నుంచి, డుర్వాలుమాబ్ అనే మరో ఇమ్యునోథెరపీ మందు‌కు, ఒసిమెర్టినిబ్‌కు 2024 జులై నుంచి దిగుమతి సుంకం లేదు.

ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటే, ఆసుపత్రిలోని మిత్ర కౌంటర్లో "క్యాన్సర్ కవరవుతుందా" అని కాకుండా, మందు పేరు కాగితం మీద రాసి "ఈ మందు ఈ పథకంలో ఉందా" అని అడగండి. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది, దాని గురించీ అక్కడే అడగండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి, తితిదే ప్రాణదాన ట్రస్టు సాయానికి ఆసుపత్రి ఇచ్చే అంచనా పత్రం కావాలి. పొలం అమ్మే ఆలోచన వస్తే ఒక్క వారం ఆగి ఈ పనులు ముగించండి.

ప్రత్యామ్నాయం: తక్కువ మోతాదు ఇమ్యునోథెరపీ అన్న మాట మీరు వినే ఉంటారు. ముంబై టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్లలో నివోలుమాబ్‌ను కేవలం 20 మిల్లీగ్రాముల చొప్పున మూడు వారాలకోసారి, నోటి మాత్రలతో కలిపి ఇచ్చి, ఏడాదికి బతికున్నవారి శాతాన్ని 16 నుంచి 43కు పెంచగలిగారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అంత గట్టి ఆధారం ఇంకా లేదు. పూర్తి మోతాదు అసలే కొనలేని ఇంట్లో దీన్ని వైద్యుడితో చర్చించడంలో తప్పులేదు.

7. సూది రోజు

ఉపవాసం అక్కరలేదు, ఇడ్లీ పెట్టో రాగి అంబలి తాగించో తీసుకెళ్ళండి. రక్త పరీక్ష ముందురోజే చేయిస్తే పెద్దవారికి ఎదురుచూపు తప్పుతుంది. మందు అరగంట నుంచి గంట వరకు సెలైన్ లాగా ఎక్కుతుంది. సీసా మీది పేరు, మిల్లీగ్రాములు, గడువు తేదీ, బ్యాచ్ నంబరు మీరే చదివి నోటుపుస్తకంలో రాయండి, ఖాళీ పెట్టెను ఫోటో తీయండి. చలి, దురద, ఆయాసం మొదలైతే వెంటనే నర్సును పిలవాలి.

బయట మందుల షాపులో తక్కువకు కొని తెచ్చుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐసు గడ్డల మధ్య నేరుగా పెడితే గడ్డకట్టి పాడవుతుంది, మే నెలలో చిత్తూరు బస్సులో మామూలు సంచిలో తెస్తే ఎండకు పాడవుతుంది. ఐసు ప్యాకుకూ సీసాకూ మధ్య గుడ్డ వేసి, థర్మాకోల్ పెట్టెలో, కుదుపు లేకుండా తేవాలి. ముందుగా ఆసుపత్రి ఫార్మసీ బయటి మందును అనుమతిస్తుందో లేదో కనుక్కోండి.

8. ఇంట్లో రోజూ రాయవలసినవి

అసలు పని ఇక్కడే ఉంది. పెద్దవారిలో ఈ మందు దుష్ఫలితం ముసలితనంలాగే కనబడుతుంది. మా ఇంట్లో జరిగింది చెబుతాను. నాలుగో మోతాదు అయిన తర్వాత మా నాయన రాగిసంగటి ముద్ద సగం వదిలేయడం మొదలుపెట్టాడు. ఊరుబిండి నూరి పెట్టినా వేలితో అంటి చూసి పక్కకు పెట్టాడు. సాయంత్రం కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోయడం మానేశాడు. "వయసు కదా, పైగా ఎండలు" అనుకున్నాం. ఒక ఆసుపత్రిలో చూపిస్తే నీరసమని సెలైన్ ఎక్కించి పంపేశారు. పది రోజులు అలా పోయాక, డే కేర్ నర్సు ఫోన్లో బీపీ ఎంతని అడిగింది. చూస్తే 90/60. రక్తంలో సోడియం 121కి పడిపోయింది, ఉదయం కార్టిసాల్ దాదాపు లేదు. మందు ప్రభావం, మెదడు అడుగున ఉండి కార్టిసాల్ తయారీని నడిపే పీయూష గ్రంథి మీద పడిందట. లోపించిన కార్టిసాల్‌కు బదులు ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టిన మూడో రోజున ఊరుబిండిలో ఉప్పు తక్కువైందని మా అమ్మ మీద కోప్పడ్డాడు. ఆ పది రోజులూ నా పుస్తకంలో ఖాళీగా ఉన్నాయి.

కాబట్టి ప్రతిరోజూ ఒకే సమయంలో ఇవి రాయండి: ఆక్సిజన్ శాతం, కూర్చున్నప్పుడొకటి, వరండాలో నాలుగు చుట్లు నడిచాకొకటి. బీపీ, నాడి. ఎన్నిసార్లు విరేచనమైంది. ఎంత తిన్నారు. రోజూ చేసే చిన్న పనుల్లో ఏది మానేశారు. వారానికోసారి బరువు. చివరి ప్రశ్న వైద్య పుస్తకాల్లో ఉండదేమో కానీ నా అనుభవంలో అన్నిటికంటే ముందు మాట్లాడేది అదే.

ఆ రోజే ఫోన్ చేయవలసిన మార్పులు: కొత్త పొడిదగ్గు, నడిస్తే ఆక్సిజన్ మామూలు కంటే 3, 4 అంకెలు పడిపోవడం, మామూలు కంటే నాలుగుసార్లు ఎక్కువ విరేచనాలు, మూత్రం ముదురు రంగు, కళ్ళు పసుపు, ఒళ్ళంతా దద్దుర్లు, తగ్గని తలనొప్పి, విపరీతమైన దాహం.

ఫోన్ కూడా చేయకుండా ఆసుపత్రికి బయలుదేరవలసినవి: కూర్చున్నా ఆక్సిజన్ 92 కంటే తక్కువ, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, మాట తడబడి మనుషులను పోల్చుకోలేకపోవడం, రెప్పలు వాలిపోయి మింగుడు పడకపోవడం, విరేచనంలో నెత్తురు, చర్మం బొబ్బలెక్కి నోరు పూయడం. రెప్పలు వాలడం చిన్న విషయంగా కనబడుతుంది కానీ, ఛాతీ నొప్పితో కలిసి వస్తే గుండె కండరం వాపు కూడా ఉండవచ్చు. అది అరుదే అయినా రోజుల్లో ప్రాణం తీయగలదు.

9. తేడా వచ్చినప్పుడు ఏం చెప్పాలి, ఏం చేయకూడదు

క్యాజువాలిటీలో మొదటి వాక్యం ఇదై ఉండాలి: "ఈయన కీమోలో లేరు, ఇమ్యునోథెరపీలో ఉన్నారు, మందు పేరు ఇది, చివరి మోతాదు ఫలానా తేదీ." దీన్ని ఒక కార్డు మీద రాయించి, వైద్యుడి ఫోన్ నంబరుతో, పెద్దవారి చొక్కా జేబులోనో అవ్వ సంచిలోనో ఉంచండి. కీమోలో కూడా ఉంటే ఆ మాటా రాయండి.

విరేచనాలను లోపెరమైడ్ మాత్రతో ఆపి ఊరుకోవద్దు, పేగు వాపు లోపల పెరుగుతూనే ఉంటుంది. దగ్గుకు సిరప్‌తో, ఆయాసానికి మూడు రకాల యాంటీబయాటిక్‌లతో వారం గడపవద్దు. సీటీ తీసి ఇన్‌ఫెక్షనా, మందు వల్ల వచ్చిన వాపా, క్యాన్సరే పెరిగిందా అని తేల్చమని అడగండి. వాపు అని తేలితే మందు ఆపి స్టెరాయిడ్ ఇస్తారు. తీవ్రమైనవాటికి సాధారణంగా కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ లెక్కన మొదలుపెట్టి, కనీసం 4 నుంచి 6 వారాల్లో మెల్లగా తగ్గిస్తారు. "స్టెరాయిడ్ వాడితే క్యాన్సర్ మందు పనిచేయదట" అని వెనుకాడవద్దు. దుష్ఫలితానికి సమయానికి ఇచ్చే స్టెరాయిడ్ ప్రాణం నిలబెడుతుంది. మొదటి నుంచీ ఒంట్లో ఉన్న స్టెరాయిడ్ సంగతి వేరు, అది పైన అయిదో భాగంలో చెప్పాను.

నాలుగు రోజులకే బాగుందని స్టెరాయిడ్ ఆపేయడం నేను చూసిన తప్పుల్లో అతి పెద్దది. ఆయాసం రెట్టింపుగా తిరిగి వస్తుంది. పెద్దవారికి ఈ మాత్రల వల్ల చక్కెర పెరుగుతుంది, రాత్రి నిద్ర పట్టదు, మతి చెదిరినట్టు మాట్లాడవచ్చు, నోట్లో తెల్లపూత వస్తుంది. మాత్ర పొద్దునే వేయండి, చక్కెర రోజూ చూడండి. థైరాయిడ్ తగ్గడం మాత్రం సులువుగా సర్దుకుంటుంది, రోజుకొక మాత్రతో, సాధారణంగా ఇమ్యునోథెరపీ ఆపకుండానే.

10. పనిచేస్తోందో లేదో చూసుకోవడం

మొదటి స్కాన్ సాధారణంగా 9 నుంచి 12 వారాల మధ్య తీస్తారు. అంతకుముందే "ఇంకా గడ్డ కరగలేదు" అని ఆత్రపడవద్దు, ఈ మందు నెమ్మదిగా పనిచేస్తుంది. పాత స్కాన్ సీడీని కొత్త స్కాన్ తీసేచోట ఇచ్చి, పక్కపక్కన పెట్టి పోల్చమనండి. వీలైనంతవరకు అదే కేంద్రంలో, అదే రకం స్కాన్ తీయించండి. పెట్ ఒకసారి, సీటీ ఒకసారి తీస్తే పోలిక కుదరదు.

గడ్డ తగ్గితే సరే. అలాగే ఉంటే కూడా నాలుగో దశలో అది మంచి ఫలితమే, నిరాశపడి వైద్యుణ్ణి మార్చవద్దు. పెరిగితే రెండు సంగతులు కలిపి చూడాలి. స్కాన్‌లో పెరిగినా మనిషి తింటూ, తిరుగుతూ, బరువు నిలుపుకుంటూ ఉంటే, రక్షణ కణాలు గడ్డలో చేరినందువల్ల పెద్దదిగా కనబడుతుండవచ్చు. అప్పుడు 4 నుంచి 8 వారాల తర్వాత మళ్ళీ స్కాన్ తీస్తారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇది అరుదు, నూటికి అయిదుగురిలో కూడా ఉండదు. స్కాన్‌లో పెరిగి, మనిషి కూడా క్షీణిస్తుంటే అది నిజమైన పెరుగుదలే, "ఇంకో రెండు సూదులు చూద్దాం" అనడం వల్ల డబ్బు, ఓపిక రెండూ పోతాయి. అప్పుడు తేలికపాటి కీమో, ఎముక నొప్పికి కొద్ది రోజుల రేడియేషన్, నొప్పి, ఆయాసాలకు మార్ఫిన్ ఉన్నాయి. ఉపశమన వైద్యుణ్ణి చివర్లో కాకుండా మొదటి నెలలోనే కలిసి ఉంటే ఈ మలుపు దగ్గర కొత్త మనిషిని వెతుక్కోనక్కరలేదు. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనం సాఫీగా కావడానికి మందు కూడా రాయించుకోండి.

రెండేళ్ళు నిండి ఆపినా, దుష్ఫలితం వల్ల మధ్యలో ఆపినా, కార్డు జేబులోనే ఉండాలి. ఆఖరి మోతాదు అయిన నెలల తర్వాత కూడా పేగు వాపు, థైరాయిడ్ తేడా, ఊపిరితిత్తి వాపు మొదలైనవారున్నారు. నోటుపుస్తకం రోజూ రాయకపోయినా వారానికి రెండుసార్లు రాయండి, టీఎస్‌హెచ్, సోడియం పరీక్షలను వైద్యుడు చెప్పిన గడువుల్లో కొనసాగించండి. పండ్ల తోటలో పని ఉందని, పెళ్ళి ఉందని ఏదైనా ఊరికి పెద్దవారు ఒంటరిగా వెళితే, ఆ కార్డు ఫోటో అక్కడి చుట్టాల ఫోన్లో కూడా ఉండేలా చూడండి.